పై అంకె ఎవరిది? ఘాతాంకాల సూక్ష్మీకరణ, ద్విపదుల గుణకారం: సమగ్ర మార్గదర్శి

ఎనిమిదో తరగతి పిలకాయల నోటుపుస్తకాలు దిద్దుతుంటే ఈ రెండు తప్పులు ఎప్పుడూ ఎదురుపడతాయి.

(3క)² = 3క²
(క + 3)² = క² + 9

మొదటిదాంట్లో స్క్వేర్ 3ని వదిలేసింది. రెండోదాంట్లో క మీద ఒకటి, 3 మీద ఒకటి కూర్చుంది. చూపుకు ఒకదానికొకటి సంబంధం లేని తప్పులే గానీ మూలం ఒకటే. బ్రాకెట్ మీదున్న పై అంకె, లోపల గుణకారం ఉంటే ప్రతి ఒక్కదానికీ చెందుతుంది. లోపల కూడికో తీసివేతో ఉంటే అలా పంచడానికి వీల్లేదు. ఘాతాంకాలు (ఈ పై అంకెలే) ఒక అధ్యాయంలో, ద్విపదులు (క + 3 లాంటి రెండు పదాల రాశులు) ఇంకో అధ్యాయంలో ఉండడంతో ఈ తేడా రెండింటి నడుమ సందులో పడిపోతుంది. అందుకే ఇక్కడ రెండూ కలిపి రాస్తున్నాను.

విచిత్రం ఏమంటే, ఈ తప్పు చేసిన పిల్లవాణ్ణే సూత్రం అడగండి. తడుముకోకుండా “ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టూ ఏ స్క్వేర్ ప్లస్ టూ ఏబీ ప్లస్ బీ స్క్వేర్” అని అప్పజెప్తాడు. నోటికి వచ్చింది గానీ చేతికి రాలేదు. కాబట్టి ఇందులో సూత్రాలు తక్కువ, అవి ఎక్కణ్ణుంచి వచ్చాయన్నది జాస్తి. 8, 9 తరగతుల వాళ్ళకూ, పదిలో బహుపదులు, వర్గ సమీకరణాల దగ్గర తంటాలు పడుతున్నవాళ్ళకూ, సాయంత్రం పూట ఇంట్లో పిల్లలకు లెక్కలు చెప్పే అమ్మానాన్నలకూ పనికొస్తుంది.

రాత గురించి ఒక మాట. పుస్తకంలో ఎక్స్, వై ఉన్నచోట నేను క, చ రాస్తాను. ప్రతి పదానికీ కీబోర్డు భాష మార్చడం నావల్ల కాదు. ఇదేమీ కొత్త సంగతి కూడా కాదు: 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశులకు యావత్తావత్, కాలక, నీలక అని పేర్లు పెట్టి యా, కా, నీ అని పొట్టి అక్షరాలతోనే సమీకరణాలు నడిపించాడు. కాబట్టి 5క అంటే 5 × క, కచ అంటే క × చ, క² అంటే క × క. అంతే.

మొదటి మెట్టు: పై అంకె ఎవరి నెత్తిన ఉంది?

5క⁴ లో 5 గుణకం, క భూమి, 4 ఘాతాంకం. ఘాతాంకం తనకు ఆనుకుని ఉన్నదానికి మాత్రమే చెందుతుంది. ఆనుకుని ఉన్నది అక్షరమైతే ఆ అక్షరానికి, బ్రాకెట్ అయితే బ్రాకెట్ మొత్తానికి.

5క² = 5 × క × క
(5క)² = 5క × 5క = 25క²
−3² = −(3 × 3) = −9
(−3)² = (−3) × (−3) = 9

చివరి రెండూ పరీక్షల్లో కావాలనే పక్కపక్కన ఇస్తారు. −3² లో స్క్వేర్ 3 మీద ఉంది, మైనస్ బయట నిలబడి చూస్తోంది.

మా తిరుపతి, చిత్తూరు వైపు ఇంటి స్థలాలను అంకణాల్లో చెబుతారు. ఊరి చుట్టూ వేసే వెంచర్ల బోర్డుల మీద కూడా ధర అంకణానికి ఇంత అనే ఉంటుంది. ఇక్కడ అంకణం అంటే 6 అడుగులకు 6 అడుగులు, అంటే 36 చదరపు అడుగులు. (నెల్లూరు వైపు అంకణం 72 చదరపు అడుగులు. అక్కడి చుట్టాలతో ధరలు పోల్చేటప్పుడు ఇది మరిచిపోతే గొడవలే.) ఒక చదరపు స్థలాన్ని 6 అడుగుల కర్రతో కొలిస్తే భుజం క కర్రలు వచ్చిందనుకోండి. అడుగుల్లో భుజం 6క. వైశాల్యం (6క)² = 36క² చదరపు అడుగులు, అంటే సరిగ్గా క² అంకణాలు. స్క్వేర్ 6 మీద కూడా పడింది కాబట్టే 36 పుట్టింది, అంకణం చేతికొచ్చింది.

స్క్వేర్‌ను క మీదే ఉంచి 6క² అని రాస్తే? క = 5 పెట్టి చూడండి. 30 అడుగుల భుజం ఉన్న స్థలం 900 చదరపు అడుగులు, 25 అంకణాలు. తప్పు లెక్కలో అది 6 × 25 = 150 చదరపు అడుగులు, అంటే నాలుగు అంకణాల చిల్లర. ఏ అమ్మేవాడూ ఒప్పుకోడు.

రెండో మెట్టు: ఘాతాంక న్యాయాలు, లెక్కపెట్టి రాబట్టడం

వీటిని కంఠతా పెట్టడం కన్నా విడదీసి లెక్కపెట్టుకోవడం మేలు. మరిచిపోయినా అరనిమిషంలో మళ్ళీ పుట్టించుకోవచ్చు.

భూమి ఒకటే అయి గుణిస్తున్నప్పుడు:
క³ × క⁴ = (క × క × క) × (క × క × క × క) = క⁷
మూడు క లు, నాలుగు క లు, మొత్తం ఏడు. ఘాతాంకాలు కలిశాయి. గుణకాలు ఉంటే వాటిని మామూలుగా గుణించాలి:
4క³ × 5క² = 20క⁵
ఇక్కడ 9క⁵ అనీ 20క⁶ అనీ రాసేవాళ్ళు ఉంటారు. అంకెలు గుణించాలి, పై అంకెలు కలపాలి. రెండింటికీ ఒకే పని చేయకూడదు.

ఘాతానికి ఘాతం:
(క³)² = క³ × క³ = క⁶
ఇక్కడ ఘాతాంకాలు గుణించుకున్నాయి, ఎందుకంటే మూడేసి క ల గుంపులు రెండున్నాయి.

లబ్ధానికి ఘాతం:
(2క³చ)⁴ = 2⁴ × (క³)⁴ × చ⁴ = 16క¹²చ⁴
లోపల 2, క³, చ మూడూ గుణకారంతో అతుక్కుని ఉన్నాయి కాబట్టి 4 అందరికీ అందింది. చ మీద అంకె కనిపించకపోతే అది 1. ఆ 1 ని 0 అనుకోవడం వల్ల పోయే మార్కులు తక్కువేం కాదు.

భాగహారం:
క⁷ ÷ క⁴ = క³
పైన ఏడు, కింద నాలుగు. నాలుగు జతలు కొట్టేస్తే పైన మూడు మిగిలాయి.

ఇక సున్నా, రుణ ఘాతాంకాలు. ఇక్కడ పిల్లలు నమ్మరు, నమ్మకపోవడం సబబే. “మూడును సున్నా సార్లు గుణిస్తే ఒకటి ఎట్ల వస్తుంది సార్?” అని అడుగుతారు. సార్లు అనే లెక్క అక్కడ పనిచేయదు. కాబట్టి వరుస చూపిస్తాను:

3³ = 27
3² = 9
3¹ = 3
3⁰ = 1
3⁻¹ = 1/3
3⁻² = 1/9

పై అంకె ఒకటి తగ్గిన ప్రతి తూరీ విలువ మూడో వంతు అవుతోంది. 3 తర్వాత మూడో వంతు 1, దాని తర్వాత 1/3. వరుస చెడకుండా ఉండాలంటే 3⁰ కి 1 తప్ప ఇంకో విలువ కుదరదు. భాగహారంలోనూ అదే వస్తుంది: క⁵ ÷ క⁵ ను ఘాతాంకాలు తీసివేసి రాస్తే క⁰, మామూలుగా చూస్తే 1. భూమి మాత్రం సున్నా కాకూడదు, సున్నాతో భాగించడం కుదరదు కాబట్టి.

రుణ ఘాతాంకం విలువను రుణం చేయదు. 2⁻³ అంటే −8 కాదు, 1/8. పై అంకెలోని మైనస్ చెప్పేది ఒకటే: హారంలోకి దిగు. హారంలో ఉంటే లవంలోకి ఎక్కు.

3క⁻² = 3/క² (3 కదలలేదు, మైనస్ 2 క కు మాత్రమే చెందింది)
(3క)⁻² = 1/(9క²)
(2/3)⁻² = (3/2)² = 9/4

మూడో మెట్టు: ఒక పెద్ద లెక్క, వరుసలో

సూక్ష్మీకరించండి: (2క³చ⁻²)³ × (3క⁻¹చ⁴)² ÷ (6క²చ)²

ఇలాంటిది చూడగానే కొందరు క లను కొట్టేయడం మొదలుపెడతారు. ఆగండి. బ్రాకెట్ల మీది ఘాతాంకాలను లోపలికి దించేదాకా ఏదీ కొట్టేయకూడదు.

ముందు మూడు బ్రాకెట్లూ విప్పుదాం:
(2క³చ⁻²)³ = 8క⁹చ⁻⁶
(3క⁻¹చ⁴)² = 9క⁻²చ⁸
(6క²చ)² = 36క⁴చ²

తర్వాత పై రెండూ గుణిద్దాం. అంకెలు 8 × 9 = 72. క మీద 9 + (−2) = 7. చ మీద −6 + 8 = 2.
72క⁷చ²

ఇప్పుడు భాగిద్దాం:
72క⁷చ² ÷ 36క⁴చ² = 2క³చ⁰ = 2క³

చ మొత్తం మాయమైంది. సరిచూసుకోవాలంటే మళ్ళీ మొదటి నుంచి చేయనక్కర్లేదు. క ఒక్కదాన్నే పట్టుకుని వరుసగా పోండి: 3 × 3, అందులోంచి 2, ఇంకో 4 తీస్తే 3. తర్వాత చ: −6, +8, −2, మొత్తం 0. ఒక్కో అక్షరాన్ని విడిగా వెంబడించడం వేలిముద్ర వేసినంత సులువు, పరీక్షలో పావు నిమిషం పని.

జవాబులో రుణ ఘాతాంకం మిగిలితే దాన్ని భిన్నంగా మార్చి రాయడం మంచి అలవాటు. కొన్ని ప్రశ్నల్లో “ధన ఘాతాంకాలతో రాయండి” అని సూటిగానే అడుగుతారు.

నాలుగో మెట్టు: కూడికలో ఏది ఏదితో కలుస్తుంది

ఇది త్వరగా అయిపోయే మెట్టు. అక్షరం, పై అంకె రెండూ ఒకటైతేనే సజాతి పదాలు. వాటిని కలిపేటప్పుడు గుణకాలు మారతాయి, ఘాతాంకం మారదు.

4క³ + 5క³ = 9క³
4క³ + 5క² = ఇంతే, ఇక కలవదు

చివరి మాట చాలామందికి మింగుడు పడదు. ఏదో ఒకటి చేయకపోతే లెక్క పూర్తి కాలేదని చేతులు ఊరుకోవు, 9క⁵ అని రాసేస్తారు. జవాబులో ప్లస్ గుర్తు మిగిలిపోవడం తప్పేమీ కాదు.

బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి ప్రతి గుర్తూ తిరగబడుతుంది:
(5క² − 3క) − (2క² − 7క + 4) = 5క² − 3క − 2క² + 7క − 4 = 3క² + 4క − 4

ఐదో మెట్టు: ద్విపదుల గుణకారం

మళ్ళీ స్థలం దగ్గరికి వద్దాం. క కర్రల చదరపు స్థలం మీది. తూర్పున 3 కర్రలు, ఉత్తరాన 2 కర్రలు కలుపుకుని పెద్ద దీర్ఘచతురస్రం చేశారు. ఇప్పుడు పొడవు క + 3, వెడల్పు క + 2. వైశాల్యం ఎన్ని అంకణాలు?

గళ్ళ కాగితం మీద గీయండి. నాలుగు ముక్కలు వస్తాయి.

|   | క | 3 |
|---|---|---|
| క | క² | 3క |
| 2 | 2క | 6 |

పాత స్థలం క², తూర్పు పట్టీ 3క, ఉత్తరం పట్టీ 2క, ఈశాన్యం మూల 6. (ఈశాన్యం పెరిగితే మంచిదంటారు, మన లెక్కకు దాంతో పనిలేదు.)

(క + 3)(క + 2) = క² + 3క + 2క + 6 = క² + 5క + 6

క = 5 అయితే 8 × 7 = 56 అంకణాలు. ముక్కలుగా 25 + 15 + 10 + 6, అదీ 56. అడుగుల్లో 48 × 42 = 2016, 56 × 36 కూడా 2016. ఎటు నుంచి వచ్చినా అదే.

గీత లేకుండా రాయాలంటే మొదటి బ్రాకెట్‌ను విడదీసి, ఒక్కో పదాన్ని రెండో బ్రాకెట్ మొత్తానికి ఇవ్వాలి. పుస్తకంలో విభాగ న్యాయం అనేది ఇదే.

(2క − 5)(3క + 4)
= 2క(3క + 4) − 5(3క + 4)
= 6క² + 8క − 15క − 20
= 6క² − 7క − 20

రెండో వరుసలో −5 ను మైనస్‌తో సహా తీసుకెళ్ళాలి. గుర్తు పదానికి ముందు అతుక్కుని ఉంటుంది, దాన్ని బ్రాకెట్ దగ్గర వదిలేసి రాకూడదు. చివరి వరుసలో 8క − 15క దగ్గర 23క అని రాసేవాళ్ళకు గుణకారం వచ్చు, పూర్ణసంఖ్యల కూడిక రాదు. ఆరో తరగతి పాఠం ఒకసారి తిరగేస్తే సరి.

రెండూ మైనస్ అయితే:
(క − 7)(క − 4) = క² − 4క − 7క + 28 = క² − 11క + 28
మైనస్, మైనస్ గుణిస్తే ప్లస్, కాబట్టి +28. మధ్య పదంలో మాత్రం రెండు మైనస్‌లు కలిశాయే గానీ గుణించుకోలేదు. అందుకే −11క. మైనస్ మైనస్ ప్లస్ అనే మాటను కూడికలో కూడా వాడేయడం వల్ల ఇక్కడ +11క వస్తుంటుంది.

ఘాతాంకాలు, రెండు అక్షరాలు వచ్చినా పద్ధతి మారదు:
(3క² − 2చ)(క² + 5చ)
= 3క⁴ + 15క²చ − 2క²చ − 10చ²
= 3క⁴ + 13క²చ − 10చ²
3క² × క² దగ్గర రెండో మెట్టు, 15క²చ − 2క²చ దగ్గర నాలుగో మెట్టు పనికొచ్చాయి.

యూట్యూబ్ పాఠాల్లో ఫాయిల్ అని ఒక పద్ధతి చెబుతుంటారు. మొదటివి, బయటివి, లోపలివి, చివరివి అనే వరుసలో నాలుగు గుణకారాలు చేయడం. తప్పేమీ లేదు, వేగంగానే ఉంటుంది. నాకు మాత్రం దాన్ని మొదటే నేర్పడం ఇష్టం ఉండదు. రెండో బ్రాకెట్‌లో మూడు పదాలు రాగానే దానికి దారి తెలియదు. విభాగ న్యాయానికి ఎన్ని పదాలున్నా ఒకటే:

(క + 2)(క² − 3క + 5)
= క³ − 3క² + 5క + 2క² − 6క + 10
= క³ − క² − క + 10

సజాతి పదాలు కలపక ముందు పదాలు లెక్కపెట్టండి. రెండు పదాలను మూడు పదాలతో గుణిస్తే ఆరు రావాలి. ఐదే ఉంటే ఒకటి ఎక్కడో జారిపోయింది. మా దగ్గర బాగా చేసే పిల్లలు ఈ వరుస కింద పెన్సిల్‌తో ఒక్కో సజాతి జంటకు ఒక్కో రకం గీత గీస్తారు: క² లకు ఒంటి గీత, క లకు జంట గీత. పేజీ ముగ్గులాగా తయారవుతుంది గానీ పదం తప్పిపోదు.

ఆరో మెట్టు: హోల్ స్క్వేర్, దాని చుట్టాలు

(క + 3)² అంటే (క + 3)(క + 3). ఐదో మెట్టులోని పనే.

(క + 3)² = క² + 3క + 3క + 9 = క² + 6క + 9

స్థలం గీసి చూస్తే రెండు వైపులా 3 కర్రలు పెంచారు. క² + 9 అని రాసినవాళ్ళు పాత స్థలాన్నీ మూల ముక్కనూ లెక్కేసి, రెండు పట్టీలను ఎవరికో వదిలేశారు. క = 5 అయితే స్థలం 64 అంకణాలు, వాళ్ళ లెక్క 34. ఒక్కో పట్టీ 15 అంకణాలు, రెండు కలిపి 30 గాల్లో కలిశాయి. సూత్రంలోని టూ ఏబీ అంటే ఈ రెండు పట్టీలే. ఒక్కసారి ఇలా గీసుకున్న పిల్లలు మళ్ళీ ఆ తప్పు చేయడం అరుదు. సూత్రాన్ని వందసార్లు ఇంపోజిషన్ రాయించినా ఈ పని జరగదని నా గట్టి నమ్మకం.

మిగతా సర్వసమీకరణాలు కూడా అలా గుణించుకుంటే వచ్చేవే:

(క + చ)² = క² + 2కచ + చ²
(క − చ)² = క² − 2కచ + చ²
(క + చ)(క − చ) = క² − చ²

రెండోదాంట్లో చివరి చ² కు ఎప్పుడూ ప్లస్సే. మూడోదాంట్లో మధ్య పదాలు +కచ, −కచ కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

గుణకాలు ఉన్నప్పుడు మొదటి మెట్టు మరిచిపోకండి:
(2క − 3చ)² = (2క)² − 2 × 2క × 3చ + (3చ)² = 4క² − 12కచ + 9చ²
(క² + 4)² = క⁴ + 8క² + 16

నోటిలెక్కలకు వీటంత పనికొచ్చేవి లేవు. 103² = 10000 + 600 + 9 = 10609. 98 × 102 = 100² − 2² = 9996. వేదగణితం పేరుతో 97 × 96 వంటివి చిటికెలో చేయడం నేర్పే క్లాసులు ఉంటాయి. అందులోని కిటుకు (100 − 3)(100 − 4) = 10000 − 700 + 12 = 9312, ఇంకేమీ కాదు. ఎనిమిదో తరగతి పుస్తకానికి కట్టిన ఫీజులోనే అది వచ్చేస్తుంది.

ఏడో మెట్టు: అన్నీ కలిసి వచ్చినప్పుడు

(క + 4)² − (క − 2)(క + 5)

గుణించిన లబ్ధాన్ని వెంటనే విడిపించకుండా బ్రాకెట్‌లోనే ఉంచండి:
= క² + 8క + 16 − (క² + 3క − 10)
= క² + 8క + 16 − క² − 3క + 10
= 5క + 26

ఆ బ్రాకెట్ రాయకుండా “− క² + 3క − 10” అని దించేస్తే 11క + 6 వస్తుంది. మార్కులు పోగొట్టే తప్పులన్నింటికీ పోటీ పెడితే దీనికే మొదటి బహుమతి. ఒక వరుస కాగితం మిగిలించడానికి పోయి రెండు మార్కులు ఇచ్చుకుంటారు.

ఘాతాంకాలు, ద్విపదులు ఒకేచోట:
(2క³)² − (క³ + 1)(4క³ − 3)
= 4క⁶ − (4క⁶ − 3క³ + 4క³ − 3)
= 4క⁶ − (4క⁶ + క³ − 3)
= 3 − క³

మొదటి పదంలో స్క్వేర్ 2 మీదికీ పోయింది, క³ మీదికీ పోయింది, ఎందుకంటే లోపల గుణకారం. రెండోదాంట్లో కూడిక, తీసివేత ఉన్నాయి కాబట్టి ముక్కముక్కగా గుణించాం. వ్యాసం మొదట్లో ఉన్న మొదటి తప్పు చేస్తే ఇక్కడ 4క⁶ లు కొట్టేసుకోవు, జవాబు పొడుగ్గా చెదిరిపోతుంది. రెండో తప్పులాగా మధ్య పదాలు వదిలేస్తే క³ మాయమై ఒట్టి 3 మిగులుతుంది.

సరిచూసుకోవడం

ఇది చాలామంది వదిలేసే పని, నేనైతే సూత్రాల కన్నా ముందు నేర్పాలంటాను. ప్రశ్నలో, జవాబులో అక్షరం బదులు ఒకే సంఖ్య పెట్టండి. రెండు విలువలూ సమానం కాకపోతే జవాబు తప్పు, అందులో అనుమానం లేదు. సమానమైతే బహుశా ఒప్పు. ఆ ‘బహుశా’ ఎంత గట్టిది అన్నది మీరు ఎంచుకున్న సంఖ్య మీద ఆధారపడుతుంది.

0 పెట్టకండి. (క + 3)² = క² + 9 అనే తప్పులో క = 0 పెడితే రెండువైపులా 9 వచ్చి ఒప్పులాగా కనిపిస్తుంది. 1 పెట్టకండి. క³ × క⁴ = క¹² అని రాసినా 1 = 1 అనే వస్తుంది, ఘాతాంకం తప్పు దొరకదు. 2 కూడా అంత నమ్మదగ్గది కాదు: 2 + 2, 2 × 2, 2² అన్నీ 4 కాబట్టి 2క ను క² అని రాసినా పట్టుబడదు.

ఒకే అక్షరం ఉన్న ద్విపదులకు 10 అన్నింటికన్నా అనువు. (2క − 5)(3క + 4) లో 10 పెడితే 15 × 34 = 510. జవాబులో 600 − 70 − 20 = 510. సరిపోయింది. (క + 2)(క² − 3క + 5) లో 12 × 75 = 900, జవాబులో 1000 − 100 − 10 + 10 = 900. (క + 4)² − (క − 2)(క + 5) లో 196 − 120 = 76, జవాబులో 50 + 26 = 76. 11క + 6 అయితే 116, అక్కడికక్కడే దొరికిపోతుంది.

ఘాతాంకాలు పెద్దవైతే 10 తో సున్నాల వరద వస్తుంది, 3 వాడండి. (2క³)² − (క³ + 1)(4క³ − 3) లో క = 3 అయితే 54² − 28 × 105 = 2916 − 2940 = −24. జవాబు 3 − 27 = −24. రెండక్షరాలుంటే రెండింటికీ వేరువేరు సంఖ్యలు ఇవ్వాలి. (3క² − 2చ)(క² + 5చ) లో క = 3, చ = 2 పెడితే 23 × 19 = 437, జవాబులో 243 + 234 − 40 = 437.

ఇదంతా రఫ్ పేజీలో, కాలిక్యులేటర్ లేకుండా చేసేంత చిన్న పని.

చేసి చూడండి

1. (3క²చ)³ ÷ 9క⁴చ
2. (5క⁻²)² × 2క⁵
3. (4క − 3)(2క − 7)
4. (క² + 3)(క² − 3)
5. (2క + 5)² − (2క − 5)²
6. ఒక స్థలం పొడవు (క + 4) కర్రలు, వెడల్పు (క + 2) కర్రలు. రోడ్డు వెడల్పు చేస్తూ పొడవులో ఒక కర్ర మేర తీసుకున్నారు. ఎన్ని అంకణాలు పోయాయి?

జవాబులు: 1) 3క²చ². 2) 50క. 3) 8క² − 34క + 21. 4) క⁴ − 9. 5) 40క. 6) క + 2.

ఐదోది రెండు హోల్ స్క్వేర్‌లు విప్పి చేయవచ్చు. లేదా క² − చ² రూపం వెనక్కి వాడి, (2క + 5) + (2క − 5) = 4క ను, (2క + 5) − (2క − 5) = 10 ని గుణించవచ్చు. రెండో దారిలో రెండే వరుసలు. పదో తరగతి వాళ్ళు ఇదే అలవాటు చేసుకోవాలి, కారణాంకాలుగా విడగొట్టే లెక్కల్లో రోజూ కావలసింది ఇదే.

ఆరోదాన్ని (క + 4)(క + 2) − (క + 3)(క + 2) అని రాసి, క² + 6క + 8 నుంచి క² + 5క + 6 తీసేస్తే క + 2 వస్తుంది. ముందే స్థలం బొమ్మ గీసుకున్నవాళ్ళకు గుణకారమే అక్కర్లేదు. పోయింది ఒక కర్ర వెడల్పు, (క + 2) కర్రల పొడుగు ఉన్న పట్టీ.